కాల్లో ముల్లు, నోట్లో తడబాటు

అరికాల్లో ముల్లు దిగిందని వెంటనే తెలుస్తుంది. ఎక్కడ దిగిందో చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. "ఇక్కడ... కాదు, కొంచెం మడమ వైపు... ఆఁ, అక్కడే... అబ్బే, ఇంకా పక్కకి" అంటూ పిన్నీసు పట్టుకున్న మనిషిని విసిగిస్తాం. అదే ముల్లు వేలి కొసలో విరిగితే కళ్ళు మూసుకుని కూడా సరిగ్గా దాని మీద గోరు పెట్టగలం. నాలుక సంగతి చెప్పనే అక్కర్లేదు. జామగింజ పళ్ళ సందులో ఇరుక్కుంటే అది ఎంతుందో, ఎటు వాలి ఉందో నాలుక కొస క్షణంలో పట్టేస్తుంది.

చర్మం అంతటా ఉన్నదే, నరాలు అంతటా ఉన్నవే. మరి ఈ తేడా ఎందుకు? ఈ ప్రశ్న వెంట పోతే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. ఇంత చురుకైన నాలుక "ఎర్ర లారీ తెల్ల లారీ" అని గబగబా నాలుగుసార్లు అనమంటే ఎందుకు బోర్లా పడుతుందనేదే ఆ చిక్కు.

ముందు కొలతలు చూద్దాం. కంపాస్ బాక్సులో ఉండే డివైడర్ తీసుకుని, రెండు మొనల్నీ ఒకేసారి చర్మానికి మెల్లగా ఆనిస్తారు. కళ్ళు మూసుకున్న మనిషి తనకి ఒకటి తగిలిందో రెండు తగిలాయో చెప్పాలి. నాలుక కొస మీద మొనల మధ్య ఎడం 1 మిల్లీమీటరు ఉన్నా రెండని తెలిసిపోతుంది. వేలి కొసకి 2, 3 మిల్లీమీటర్లు చాలు. అరికాలికి వచ్చేసరికి ఆ ఎడం 20 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. అంతకన్నా దగ్గరైతే ఒక్క మొనే తగిలినట్టుంటుంది. వీపు ఇంకా మొద్దు. కాబట్టి అరికాల్లో ముల్లు వెతికేవాళ్ళకి మనం చూపించగలిగేది దాదాపు రూపాయి బిళ్ళంత మేర. అందులో ఆ నల్లటి చుక్క ఎక్కడుందో కళ్ళతో వెతుక్కోవాల్సిందే.

దీని వెనక ఉన్నది మెదడులోని పటం. 1937లో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే న్యూరోసర్జన్, ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి ఒక పరిశోధన ప్రచురించాడు. ఆపరేషన్ జరుగుతుండగా రోగులు మెలకువగానే ఉండేవారు. మెదడుకి తనంతట తనకి నొప్పి తెలీదు కాబట్టి అది సాధ్యమైంది. సన్నటి కరెంటుతో మెదడు పైపొరని ఒక్కోచోట తాకుతూ, "ఎక్కడేమనిపించింది?" అని అడిగి రాసుకున్నారు. నడినెత్తి నుంచి చెవి వైపుకి దిగే ఒక పట్టీలో శరీరమంతా వరసగా పరుచుకుని ఉందని తేలింది. అది స్పర్శకి. దానికి ఆనుకుని ముందు వైపు ఇంకో పట్టీ ఉంది, అది కదలికకి. రెండింట్లోనూ పంపకం మాత్రం పెద్దమనిషి పక్షపాతం చూపించిన పొలం పంపకంలా ఉంది. చేతివేళ్ళు, పెదవులు, నాలుక కలిసి మాగాణంతా రాయించుకున్నాయి. వీపు, తొడలు, కాళ్ళకి మిగిలింది గట్టు పక్క చెలక.

ముల్లు గుచ్చుకున్న చోటు తెలియడం స్పర్శ పట్టీ పని. మాట తిరగడం, తిరగకపోవడం ప్రధానంగా కదలిక పట్టీ పని. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడి నుంచి ముళ్ళ కథ, మాటల కథ ఒకదాని వెంట ఒకటి చెప్పుకోవచ్చు.

చురుక్కు, ఆ తరవాత సలుపు

ముల్లు దిగినప్పుడు నొప్పి ఒక్కసారి రాదు, రెండుసార్లు వస్తుంది. మొదటిది చురుక్కుమంటుంది. రెండోది కాస్త ఆగి వచ్చి సలుపుతూ కూర్చుంటుంది. వీటిని మోసుకొచ్చే నరాలు వేరు. మొదటి రకం నరాలకి పైన సన్నటి కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో కబురు సెకనుకి 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. రెండో రకానికి ఆ తొడుగు లేదు, సెకనుకి ఒకటి రెండు మీటర్లు దాటవు. అరికాలి నుంచి వెన్నుపాముకి మీటరు దూరం అనుకుంటే చురుక్కు సెకనులో పదో వంతుకే చేరిపోతుంది. సలుపు రావడానికి సెకనో, అంతకు మించో పడుతుంది.

ఈ లోపు కాలు ఎప్పుడో లేచిపోయి ఉంటుంది. దానికి మెదడు అనుమతి అక్కర్లేదు, వెన్నుపామే చూసుకుంటుంది. గుచ్చుకున్న కాలిని పైకి లాగమని ఒకవైపు, రెండో కాలిని బిగపట్టి బరువు మొయ్యమని ఇంకోవైపు ఒకేసారి ఆదేశాలు వెళ్తాయి. ఒంటికాలి మీద గెంతుతూ నిలబడ్డాకే "అమ్మా!" అంటాం. ఆ కేక నొప్పి మెదడుకి చేరిందనడానికి రసీదు మాత్రమే.

ఏ ముల్లు ఎలా పట్టుకుంటుంది

మనం అన్నిటినీ ముళ్ళనే అంటాం గానీ మొక్కల్లో అవి పుట్టే చోట్లు వేరు. నిమ్మ, బత్తాయి, వాక్కాయ ముళ్ళు నిజానికి కురచబడిన కొమ్మలు. లోపల కర్ర ఉంటుంది, సులువుగా ఊడవు. గులాబీ ముల్లు తొక్క మీద మొలిచిన పొక్కు లాంటిది. బొటనవేలితో పక్కకి నెడితే టక్కున ఊడిపోతుంది, కింద పచ్చటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. తుమ్మ, రేగు ముళ్ళు ఆకు తొడిమ దగ్గర జంటగా పుట్టేవి. మనకి బాధ పెట్టేది మాత్రం పుట్టుక కాదు, ఆకారం.

రేగునే తీసుకోండి. జంటలో ఒక ముల్లు నిటారుగా ఉంటుంది, రెండోది కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. పళ్ళ కోసం చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు పెద్దగా ఏమీ తెలీదు. బయటికి తీసేటప్పుడే చొక్కా చేతులు పట్టుకుంటాయి, మోచేతి దాకా గీరుకుపోతుంది. విదిలించుకుని లాగడం అందరూ చేసే పని, తప్పూ అదే. కొక్కెం విడవాలంటే చెయ్యిని ఇంకొంచెం లోపలికే పోనిచ్చి, ముల్లు వదిలాక పక్కగా తియ్యాలి. సంక్రాంతి ముందు భోగిపళ్ళకి వెళ్ళే పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు. రెండు చొక్కాలు చిరిగాక వాళ్ళకే తెలుస్తుంది.

పల్లేరుది ఇంకో ఎత్తు. నేలకి పాకే చిన్న మొక్క, చక్కటి పసుపు పూలు, చూస్తే అమాయకంగా ఉంటుంది. కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్న ముళ్ళు. ఆ ముళ్ళ అమరిక ఎలాంటిదంటే, ముక్క ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తూ ఉంటుంది. మొక్క తన గింజని పశువు డెక్కకో, మనిషి కాలికో అంటించి ఇంకో ఊరికి పంపించుకునే ఉపాయం ఇది. సైకిల్ చక్రాలు, హవాయి చెప్పులు ఆ రవాణాలో కొత్తగా చేరాయి.

సర్కారు తుమ్మది వలస కథ. రాయలసీమలో ఊరికే కంపచెట్టు అంటే ఇదే. సొంత గడ్డ మధ్య, దక్షిణ అమెరికాలు. వంటచెరకు కరువు తీరుతుందని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. దేశంలో దీని ఆనవాళ్ళు లెక్కగట్టేవాళ్ళు మొదలుపెట్టేది మన కమలాపురం నుంచే. తియ్యటి కాయలు మేకలు, గొడ్లు తింటాయి. గింజ అరగదు, పేడతో పాటు దొరికిన చోటల్లా పడి మొలుస్తుంది. ఇవాళ చెరువు గర్భాల్లో, బీడుల్లో, రైలు కట్టల పక్కన ఇదే రాజ్యం. బొగ్గు కాల్చి బతికేవాళ్ళకి, పొలానికి కంచె కావాల్సినవాళ్ళకి అదే ఆధారం కాబట్టి పూర్తిగా తిట్టనూ లేం. ముల్లు మాత్రం మొండిది. ట్రాక్టరు టైరుని కూడా దించేస్తుంది. కాల్లో దిగితే తరచుగా కొస లోపలే విరిగి, చుట్టూ ఎర్రగా వాచి, రోజుల తరబడి సలుపుతుంది.

నా లెక్కలో వీటన్నిటికన్నా దుర్మార్గమైనది నాగజెముడు. పొడవాటి ముళ్ళు కనిపిస్తాయి కాబట్టి తప్పించుకుంటాం. వాటి మొదట్లో పసుపుపచ్చటి నూగు గుత్తులుగా ఉంటుంది, అది అసలు శత్రువు. ఒక్కో నూగుకీ వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి. ఊరికే రాసుకుంటే చాలు, పదుల సంఖ్యలో ఎక్కేస్తాయి, కంటికి కనపడవు. తుడిస్తే చర్మం మీద ఇంకా పరుచుకుంటాయి. నోటితో పీకుదామనుకుంటే నాలుకకి, పెదవికి అంటుకుంటాయి. ఎర్రటి పండు తిందామని సరిగ్గా రుద్దకుండా కొరికిన పిల్లల గతీ అదే. వీపు మీద పది నూగులు పడితే ఒక దురదలా ఉంటుంది. నాలుక మీద పడితే ఒక్కోటీ విడివిడిగా లెక్కకి వస్తుంది. మెదడులో రాయించుకున్న మాగాణి అప్పుడు శాపమే. దీనికి మందు చేత్తో రుద్దకపోవడం, కనిపించినవి పట్టకారుతో తియ్యడం, మిగిలిన వాటి మీద జిగురు టేపు అంటించి లాగడం. నోట్లో పడితే డాక్టరు దగ్గరికి పోవడమే మంచిది.

ఈ మొక్క కూడా మనది కాదు, అమెరికా ఖండాలదే. దాని చరిత్రలో ఒక తమాషా ఉంది. నాగజెముడు మీద బతికే ఒక పురుగు నుంచి ఖరీదైన ఎర్ర రంగు వస్తుంది. ఆ వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీ కన్ను పడింది. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది గానీ అది అసలు రంగు పురుగు కాదు, దాని చుట్టం. రంగు రాలేదు. ఆ పురుగు మాత్రం ఒక జాతి జెముడుని శుభ్రంగా తినేసింది. కలుపు మొక్కని పురుగుతో అదుపు చేయడానికి ప్రపంచంలో చెప్పే తొలి ఉదాహరణల్లో ఈ పొరపాటు ఒకటి.

ముల్లు కాకపోయినా దూలగొండిని ఇక్కడ వదిలేయలేం. కాయ మీది నూగు ఒంటికి తగిలితే గోకి గోకి రక్తాలొస్తాయి. ఆ నూగులో ప్రోటీన్లని కోసే ఒక ఎంజైము ఉంటుంది. అది దురద నరాలని నేరుగా తట్టిలేపుతుంది. మామూలు అలర్జీ దురదలో హిస్టమిన్ పని చేస్తుంది, ఇక్కడ దాని పాత్ర పెద్దగా లేదు. అలర్జీ మాత్ర మింగినా దూలగొండి దురద అంతగా లొంగకపోవడానికి కారణం అదే. బ్రహ్మజెముడు విషయంలో ముల్లు కన్నా పాలు ప్రమాదం. కంట్లో చిందితే చూపు మసకబారేంత వాపు వస్తుంది. వెంటనే ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, తగ్గుతుందిలే అని పడుకోకూడదు.

తీయడం, తీయకపోవడం

ముల్లు లోపల విరిగితే ఊళ్ళల్లో జిల్లేడు పాలు పోస్తారు, బెల్లం సున్నం కలిపి పట్టు వేస్తారు. చర్మం ఒరిసి మెత్తబడి, కొన్నిసార్లు ముల్లు పైకి వస్తుంది కూడా. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కించే రకం, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. నేనైతే దాని జోలికి పోను. గోరువెచ్చటి నీళ్ళలో సబ్బుతో కడిగి, స్పిరిట్ రాసిన సూదితో పైచర్మాన్ని ముల్లు దిగిన దారిలోనే విప్పి, పట్టకారుతో అదే కోణంలో లాగితే చాలాసార్లు పని అయిపోతుంది. దీపం మీద ఎర్రగా కాల్చిన పిన్నీసు క్రిములని చంపుతుంది గానీ, దాని మసిని పుండులో వదలకుండా తుడవాలి.

టీటీ ఇంజెక్షన్ గురించి మనకి తుప్పు పట్టిన మేకు అంటేనే భయం, ముల్లంటే లెక్కలేదు. ధనుర్వాతం కలిగించే క్రిమికి తుప్పుతో పని లేదు. అది మట్టిలో, పేడలో నిద్రపోతూ ఉంటుంది. గాలి ఆడని లోతైన సన్నటి గాయం దానికి ఇష్టం, ముల్లు చేసేది సరిగ్గా అలాంటి గాయమే. లక్షణాలు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో మొదలవుతాయి. మట్టి అంటిన గాయమై, చివరి టీకా వేసుకుని అయిదేళ్ళు దాటితే ఇంకో డోసు వేస్తారు.

మర్చిపోయిన ముల్లు ఇంకా మాయదారిది. ఈత చెట్టు మట్ట మొదట్లో ఆకులే గట్టిపడి సూదుల్లా మారతాయి. ఈదులు గీసేవాళ్ళకి, ఆ చెట్ల కింద ఆడుకునే పిల్లలకి అవి మోకాలి కీలులో దిగుతుంటాయి. పైన గాయం రెండు రోజుల్లో మానిపోతుంది. వారాల తరవాత, ఒక్కోసారి నెలల తరవాత మోకాలు వాస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. మేకు, గాజు పెంకు కనిపించినట్టు మొక్క ముల్లు ఎక్స్‌రేలో కనపడదు, అల్ట్రాసౌండ్ చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. అప్పటికి ముల్లు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు కాబట్టి కీళ్ళవాతం అనుకుని మందులు మింగుతూ ఉంటారు. ఒక కీలు మాత్రమే కారణం లేకుండా వాస్తూ తగ్గుతూ ఉంటే, "ఈ మధ్య ముల్లు ఏమైనా దిగిందా?" అన్న ప్రశ్న డాక్టరు అడక్కపోయినా ఆ సంగతి మనమే చెప్పాలి.

దీని పెద్దన్న మదురా పాదం. మట్టిలోని బూజు, బాక్టీరియా ముల్లు పోటుతో పాదంలో చేరి, ఏళ్ళ తరబడి నొప్పి పెద్దగా లేకుండానే గడ్డలు కట్టి, చీము రంధ్రాలతో పాదాన్ని తినేసే జబ్బు. 1842లో మదురైలో జాన్ గిల్ అనే డాక్టరు దీని గురించి రాశాడు, ఊరి పేరే జబ్బుకి మిగిలింది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ళదే ఈ బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది 2016లో. మధ్యలో ఎన్నేళ్ళు గడిచాయో చూస్తే 'నిర్లక్ష్యం' అన్న మాట తక్కువే అనిపిస్తుంది.

నాలుక ఎందుకు జారుతుంది

ఇక కదలిక పట్టీ వైపు వద్దాం. మాట్లాడేటప్పుడు సెకనుకి పది పదిహేను ధ్వనులు దొర్లిపోతాయి. ఒకటి పలికాక రెండోది ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. మెదడు మాటల్ని ముందే పేర్చి పెట్టుకుంటుంది. నోరు ఒక అక్షరం మీద ఉండగానే రాబోయే రెండు మూడు అక్షరాలు లోపల సిద్ధంగా కూర్చుని ఉంటాయి. తడబాటంటే వాటిలో ఒకటి తన వంతు రాకముందే బయటికి దూకడం, లేదా వంతు అయిపోయినా దిగకపోవడం.

అలా దూకడానికి రెండు కారణాలు. మొదటిది, ధ్వనులు ఒకదానికొకటి దగ్గరివి కావడం. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం ముగ్గురు మూర్ఛ రోగుల మెదడు మీద అమర్చిన ఎలక్ట్రోడ్లతో, వాళ్ళు అక్షరాలు పలుకుతుండగా ఏం జరుగుతోందో నమోదు చేసింది. పెదవులతో పుట్టే ధ్వనులు ఒక తీరుగా, నాలుక ముందు భాగంతో పుట్టేవి ఇంకో తీరుగా, వెనక భాగంతో పుట్టేవి మరో తీరుగా గుంపులు కట్టాయి. ఒకే గుంపులో ఉన్నవాటి మధ్య తేడా స్వల్పం. "ఎర్ర లారీ తెల్ల లారీ"లో ర, ల రెండూ నాలుక కొసనే, దాదాపు ఒకే చోట తాకించి పలికేవి. ఒకదానికి కొస ఆడాలి, ఇంకోదానికి కొస ఆనుకుని ఉండగా గాలి పక్కల నుంచి పోవాలి. నాలుగోసారికి "ఎల్ల రాలీ" వచ్చేస్తుంది. ఇంగ్లీషువాళ్ళ "రెడ్ లారీ ఎల్లో లారీ"కి కూడా ఇదే గతి.

రెండో కారణం ధ్వనులది కాదు, చోట్లది. "గాదె కింద పందికొక్కు, గాదెలో కందిపప్పు" చూడండి. ప, క ఏమాత్రం దగ్గరివి కావు. ఒకటి పెదవులది, ఒకటి గొంతు దగ్గరిది. అయినా రెండు మూడుసార్లకే "గాదె కింద కందికొక్కు, గాదెలో పందిపప్పు" అయి కూర్చుంటుంది. కంది, పంది ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, మొదటి అక్షరం తప్ప తేడా లేదు. చుట్టూ అంతా ఒకేలా ఉన్నప్పుడు మెదడు చోటుని గుర్తుపడుతుంది గానీ అందులో ఎవరు కూర్చోవాలో తికమకపడుతుంది. పైగా ఇక్కడ తప్పు పలికినా వచ్చేది నిజమైన మాటే. తడబాట్లు అర్థం లేని శబ్దాలుగా కన్నా ఉన్న మాటలుగా మారడానికే మొగ్గు చూపుతాయని 1975లో అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. నోరు జారడం నవ్వు తెప్పించేది కూడా అందుకే. అర్థం లేని కూతకి ఎవరూ నవ్వరు, పందిపప్పు అంటే నవ్వుతారు.

"లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకి ఒక భక్ష్యం లక్ష్యమా" ఇదే ఉపాయాన్ని ముదిరేలా చేస్తుంది. ల, భ, భ, ల, భ, ల. వరస ఒక తాళానికి కుదరదు. ఇప్పుడు ల అని నాలుక అలవాటు పడేలోపు భ రెండుసార్లు వస్తుంది. దీనికి తోడు ఒకచోట క్ష, ఒకచోట క్ష్య, ఒకచోట క్ష్మ.

"కాకీక కాకికి కాక కేకికా" దారి వేరే. కేకి అంటే నెమలి. కాకి ఈక కాకికి కాకుండా నెమలికా అని ప్రశ్న. ఇందులో హల్లు ఒక్కటే, మొదటి నుంచి చివరి దాకా క. నాలుక వెనక భాగం ఒకే చోట తాకుతూ ఉంటుంది, హల్లుల గొడవే లేదు. ఇబ్బందంతా అచ్చులతో, వాటి నిడివితో. కా కీ క, కా కి కి, కా క, కే కి కా. మనకి దీర్ఘం తప్పితే మాటే మారిపోతుంది. పదకొండు అక్షరాల్లో గురువులు, లఘువులు ఏ రెండు మాటల్లోనూ ఒక వరసలో రావు. అదే హల్లు కాబట్టి ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోవడానికి ఆనవాలు కూడా దొరకదు.

ముళ్ళ మీద నేనే ఒకటి కట్టాను, ఇలాంటిది ఇదివరకే ఎవరైనా అనుంటే క్షమించాలి: "కాల్లో ముల్లు, కాళ్ళల్లో ముళ్ళు, వేల్లో ముల్లు, వేళ్ళల్లో ముళ్ళు." నిదానంగా చదివితే పసిపిల్లల పాఠంలా ఉంది. వేగం పెంచి మూడుసార్లు అనండి. ఒకటైతే ల, ఎక్కువైతే ళ. నాలుక కొస పళ్ళ వెనక గట్టు దగ్గర ఉండాలి, వెంటనే మడిచి అంగిలికి తగలాలి, మళ్ళీ వెనక్కి రావాలి. "కాళ్ళల్లో" అన్న ఒక్క మాటలోనే రెండూ ఉన్నాయి.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పెరిగే మన పిల్లలకి ఇది ఇంకా గట్టి పరీక్ష. ఇంగ్లీషులో ళ లేదు కాబట్టి వాళ్ళకి ముల్లు, ముళ్ళు ఒకేలా వినిపిస్తాయి. అది బద్ధకం కాదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చేసిన ప్రయోగంలో, ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట తేడాని పట్టుకోగలిగారు. పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. చుట్టూ వినపడని తేడాని చెవి ఏడాదిలోపే పట్టించుకోవడం మానేస్తుంది. మళ్ళీ నేర్చుకోవచ్చు, దానికి సాధన కావాలి. అమ్మమ్మతో వీడియో కాల్‌లో పోటీపడి ఇలాంటివి అనడం ఎక్కాల పట్టీ అప్పజెప్పించుకోవడం కన్నా హాయి.

నోరు కదపకుండా మనసులో చదివినా ఈ వాక్యాలకి మామూలు వాక్యాల కన్నా ఎక్కువసేపు పడుతుందని 1982 నుంచీ పరిశోధనలు చూపిస్తున్నాయి. అంటే చిక్కు నాలుక కండరంలో మాత్రమే లేదు, పేర్పులోనే ఉంది. సైగల భాషలో మాట్లాడుకునేవాళ్ళకి వేళ్ళు తడబడే వాక్యాలు వేరే ఉన్నాయి. చెయ్యి ఆకారాలు, కదలికలు ఒకదానికొకటి దగ్గరగా ఉండి గబగబా మారాల్సి వస్తే వాళ్ళ వేళ్ళూ ఇలాగే చిక్కుపడతాయి. పెన్‌ఫీల్డ్ పటంలో మాగాణి దక్కించుకున్న రెండో వర్గం అదే కదా.

పోతన ఈ తడబాటుని కావాలని వాడుకున్నాడు. గజేంద్రుణ్ణి కాపాడడానికి విష్ణువు చెప్పాపెట్టకుండా బయల్దేరితే, లక్ష్మీదేవి అడుగుదామని వెళ్తుంది, అడిగినా చెప్పడేమోనని ఆగుతుంది:

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దన మగుడ నుడువఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

ఆవిడ పాదం తడబడుతోందని పద్యం చెబుతుంటే చదివేవాళ్ళ నాలుక తడబడుతుంది. ప్రతి రెండు మూడు అక్షరాలకీ కొస వెనక్కి మడిచి డ అనాలి. అడుగు వేసి ఆపి మళ్ళీ వేసినట్టే ఉంటుంది. చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టినవాళ్ళు దీన్ని గడగడా చదివేస్తారు. అదీ ఒక సాక్ష్యమే. ఒకే కదలికల వరస వందసార్లు చేస్తే మెదడు దాన్ని విడి అక్షరాలుగా కాక ఒకే మూటగా కట్టేసుకుంటుంది, ఇక చోట్ల తికమక ఉండదు.

ముల్లు తీసేటప్పుడు ఏం అనాలి

నొప్పి, ధ్యాస ఒకే బుర్ర మీద ఆధారపడినవి. 2012లో జర్మనీలోని హాంబర్గ్‌లో పరిశోధకులు మనుషుల చేతికి వేడి తగిలిస్తూ, తేలికైన జ్ఞాపక పరీక్షా కష్టమైన జ్ఞాపక పరీక్షా చేయించారు. కష్టమైన పనిలో మునిగినవాళ్ళు నొప్పి తక్కువగా ఉందన్నారు. వాళ్ళ మాట ఒక్కటే కాదు, స్కానింగులో వెన్నుపాము దగ్గరే నొప్పి కబురు తగ్గినట్టు కనిపించింది. ధ్యాస మళ్ళడమంటే నొప్పిని మర్చిపోవడం మాత్రమే కాదన్నమాట, కబురు పైకి రాకముందే కొంత ఆగిపోతోంది. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే తగ్గినట్టుండడానికి కూడా వెన్నుపాములో ఇలాంటి కాపలాయే కారణమని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. జెముడు నూగు విషయంలో మాత్రం రుద్దకండి.

సూది పడుతుంటే ఏడ్చే పిల్లకి "ఏం కాదు, ఏం కాదు" అని చెబితే ఆ పిల్ల ధ్యాసంతా ఆ 'ఏమో' మీదే ఉంటుంది. మా ఇంట్లో ఒక పెద్దావిడ పద్ధతి వేరుగా ఉండేది. కాలు ఒళ్ళో పెట్టుకుని, "కాకీక అను చూద్దాం, తప్పు లేకుండా అయిదుసార్లు అంటే అయిదు రూపాయలు" అనేది. అయిదోసారికి పిల్ల తప్పేది, ముల్లు వచ్చేసేది, డబ్బులు మిగిలేవి. నాలుకకి, చెవికి, వరస గుర్తుపెట్టుకునే బుర్రకి ఒకేసారి పని పడే మాట కాబట్టి ఎక్కాల కన్నా ఇది బాగా పట్టి ఉంచుతుంది. ఎక్కాలు నోటికి వచ్చేసినవి, వాటికి ధ్యాస అక్కర్లేదు.

ఏ వాక్యం ఇవ్వాలన్నది కాస్త చూసుకోవాలి. సూది లోపల ఉన్నంతసేపూ కాకీక, లక్ష భక్ష్యాలు లాంటివి మంచివి, మొహం బిగపట్టి అనాల్సినవి. పందికొక్కు మాత్రం ముల్లు బయటికి వచ్చాకే. "పందిపప్పు" అనగానే పిల్ల నవ్వుతుంది, కాలు ఎగురుతుంది, సూది పట్టుకున్న మనిషి కూడా నవ్వు ఆపుకోలేరు.